బూతుకీ అశ్లీలానికీ మధ్య ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. వెబ్ సిరీస్‌ల మీద, సోషల్ మీడియా పోస్టుల మీద పడే కేసులన్నీ వదలకుండా చదువుతుంది. 'సమాజ నైతికత పేరు చెప్పి మాటని ఎంతవరకు ఆపొచ్చు' అన్న విషయం మీదే లా చేస్తానంటోంది. దీనికి ప్రత్యేకంగా కోర్సు ఉందా? అన్నం పెడుతుందా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ప్రత్యేక డిగ్రీ అక్కర్లేదండి, దానికోసం వెతక్కండి. ఇది రాజ్యాంగంలో ఒక మూల. ఆర్టికల్ 19(1)(ఎ) మాట్లాడే స్వేచ్ఛ ఇస్తుంది, 19(2) ఎనిమిది కారణాల మీద దానికి హద్దులు పెట్టనిస్తుంది. అందులో 'సభ్యత లేదా నైతికత' ఒకటి. ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీలో చేరి, చివర్లో మీడియా లా, సైబర్ లా లాంటివి దొరికితే తీసుకుంటే చాలు.

ముందు చూడాల్సింది ఆమెకున్నది ఆసక్తా, అభిప్రాయమా అని. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ, పాతకాలపు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ని అచ్చు వేయిస్తే మద్రాసు ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం హయాం వచ్చేదాకా ఆ నిషేధం పోలేదు. పద్యాలు అవే, మారింది కొలత. 1868లో ఇంగ్లండు కోర్టు హిక్లిన్ కేసులో పెట్టిన కొలతలో, సులువుగా చెడిపోయే మనిషి చేతిలో ఆ పుస్తకం పడితే ఏమవుతుందన్నదే ప్రశ్న. ఏరి తీసిన నాలుగు వాక్యాలతోనే తేల్చేసేవారు. మన సుప్రీంకోర్టు 1964లో రంజిత్ ఉదేశీ కేసులో దాన్నే ఒప్పుకుని, 2014లో అవీక్ సర్కార్ కేసులో వదిలేసింది. ఇప్పుడు నేటి సమాజపు ప్రమాణాలతో, మొత్తం రచనని చూడాలి. స్వలింగ సంబంధాలు నేరం కాదన్న 2018 నవతేజ్ జోహార్ తీర్పు ఇంకో మెలిక పెట్టింది: జనం నైతికత వేరు, రాజ్యాంగ నైతికత వేరు, రెండూ ఢీకొంటే రెండోదే గెలుస్తుంది. ఈ రెంటినీ కలిపేసి రాసే పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు.

ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. 'లైంగిక కోరికని రెచ్చగొట్టేదే అశ్లీలం. మొత్తం రచన చూసి తేల్చాలి' అని సూత్రం ఇవ్వండి. కాలేజీ కుర్రాళ్లు కోపంతో పచ్చి బూతులు తిట్టుకునే షార్ట్ ఫిల్మ్ అని విషయం చెప్పండి. అది అశ్లీలమా? 'అవును, ఇంట్లో అందరూ చూసేలా లేదు' అంటే ఆమె తన అభిప్రాయం చెప్పినట్టు. 'తిట్టు అసహ్యంగా ఉంది, కానీ సూత్రం అడిగేది అది కాదు' అంటే చట్టం చెప్పినట్టు. 2024లో ఒక వెబ్ సిరీస్‌లో బూతుల మీద వచ్చిన అపూర్వ అరోరా కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ దాదాపు ఇదే. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో, సూత్రాన్ని సంఘటనకి అన్వయించే లీగల్ రీజనింగ్ భాగంలో తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

క్లాట్‌లో 120 ప్రశ్నలు, 2 గంటలు, తప్పుకి పావు మార్కు కోత. అందులో లీగల్ రీజనింగ్‌వి 28 నుంచి 32 ప్రశ్నలు. హైదరాబాద్ నల్సార్‌కి, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకి దారి ఇదే. జనరల్ కేటగిరీకి ఇంటర్‌లో 45 శాతం ఉండాలి. రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్‌కీ దరఖాస్తు పెట్టించండి: 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, కోత లేదు, తెలుగులోనూ ఉంటుంది. కోత లేని పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. చెప్పినా వదిలేస్తారు!

ఇక డబ్బు. డిగ్రీ అయ్యాక బార్ కౌన్సిల్ నమోదుకి జనరల్ వాళ్ల దగ్గర 750 రూపాయలకి మించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్. కోర్టులో సీనియర్ దగ్గర మొదటి రెండు మూడేళ్లు ఇంటి నుంచి డబ్బు పంపాల్సి వస్తుందనే లెక్క వేసుకోండి. జడ్జి కావాలన్నా ఆ ఏళ్లు తప్పవు. సివిల్ జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025లో తీర్పు వచ్చింది.

ఆమెకి నచ్చే పని మాత్రం నిర్మాణ సంస్థల్లో, ఓటీటీల్లో, పత్రికల లీగల్ విభాగాల్లో ఉంటుంది. స్క్రిప్టు చేతికొస్తే సీన్ నంబరు, డైలాగు, ఏ సెక్షన్ తగలొచ్చు, ఏం మార్చాలి అని పట్టిక వేయాలి. ఐటీ చట్టం 67, భారతీయ న్యాయ సంహిత 294 పక్కన పెట్టుకోవాలి. పాత ఐపీసీ 292 అని రాస్తే అక్కడే పరువు పోతుంది. 2021 ఐటీ రూల్స్ ప్రకారం వయసు రేటింగ్ యూ/ఏ 13+ ఇవ్వాలా, 16+ ఇవ్వాలా తేల్చాలి. ఫిర్యాదు వస్తే 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. తెలుగు తిట్లలో ఏది కులాన్ని అంటుతుందో, ఏది ఉత్త కోపమో బయటి రాష్ట్రం లాయరుకి తెలీదు. మీ అమ్మాయికి అది కలిసొస్తుంది.

ఈ నెలలో అపూర్వ అరోరా తీర్పు ప్రింట్ తీసివ్వండి, సుప్రీంకోర్టు సైట్లో ఉచితమే. పదేసి పేజీల చొప్పున చదివి, కోర్టు వాడిన కొలత ఏ పేరాలో ఉందో పెన్సిల్‌తో గీత గీసి చూపించమనండి. గీత సరైన చోట పడితే కోచింగ్ ఫీజు కట్టండి.