ఊరికి వండుతున్నానని ఇంట్లో గొడవ

ఒంగోలు నుంచి 46 ఏళ్ల గృహిణి రాశారు. అబ్బాయి చదువుకని చెన్నై వెళ్లాక ఇల్లు బోసిపోయి, ప్రభుత్వాసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు ఉచితంగా భోజనం పెట్టే వంటశాలలో వారానికి 6 రోజులు వండుతున్నారు. "ఇంట్లో వండే దిక్కు లేదు, ఊరికి వండుతోంది" అని అత్తగారు. "5 రూపాయలకి అన్న క్యాంటీన్‌లో భోజనం దొరుకుతుంటే నీ సేవ ఎవరికి కావాలి" అని భర్త. మానేయాలా అని అడుగుతున్నారు.

మానేయొద్దమ్మా. కానీ 6 రోజులు మాత్రం వద్దు.

ముందు అత్తయ్య సంగతి చూడండి. మాట కటువే, కాదనను. కానీ ఆవిడకి సుగర్ ఉందని, మీరు ఇల్లు చేరేసరికి రెండున్నర అవుతోందని ఉత్తరం మధ్యలో ఒక్క ముక్క రాసి వదిలేశారు, నాకు భయమేసింది అక్కడే. కొన్ని సుగర్ మాత్రలు వేసుకున్నాక తిండి ఆలస్యమైతే సుగర్ బాగా పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఆ వయసులో కిందపడితే తుంటి ఎముక విరిగినా విరుగుతుంది. మీరు వెళ్లే రోజున పొద్దున్నే అన్నం, కూర హాట్‌బాక్సులో పెట్టి, వేళకి వడ్డించే మనిషిని చూసుకునే గడప దాటండి.

మీ ఆయన మాటకొస్తే, క్యాంటీన్ మంచిదే. కానీ కనిగిరి నుంచో పొదిలి నుంచో తల్లిని తీసుకొచ్చి వార్డులో చేర్చిన కొడుకు, ఆమెకి సెలైన్ ఎక్కుతుంటే మంచం వదిలి ఎంత దూరం పోగలడు? రోగికి ఆసుపత్రిలో పెడతారు, పక్కన కూర్చున్నవాడి ఆకలి ఎవరికీ పట్టదు. గేటు దగ్గర మీరు పెట్టే అన్నం అలాంటివాడికే.

అయితే అసలు బాధ ఇది కాదనిపించింది. "సాంబారు బాగుందమ్మా అని అక్కడ అంటారు, ఇంట్లో 22 ఏళ్లలో ఆ మాట వినలేదు" అని రాశారే, అదీ సంగతి. దాన్ని సేవ, పుణ్యం అని కప్పి చెబితే ఆయన వాదనకి దిగుతారు గానీ మీ మనసు ఆయనకెలా తెలుస్తుంది? ఉన్నదున్నట్టు చెప్పండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వంటశాలవాళ్లకి ఇకనుంచి 3 రోజులే అనండి. మీరు రాకపోతే 150 మంది పస్తుంటారని భారమంతా ఒక్క మనిషి మీద వేయడం వాళ్ల తప్పు. ఎసరు కొలత, పోపు ఇంకొకరికి నేర్పండి, గుండిగలు దించడానికి కుర్రాళ్లని పెట్టమనండి.

ఆయనతో మాట్లాడటం మాత్రం ఓ వారం ఆగి. ముందు అత్తయ్యకి వేళకి అన్నం అందనివ్వండి.