చేబదులు సొమ్ముతో కంపెనీ నడపకు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చిన్నమ్మలూ,

పడవలో చేపలు నిల్వచేసే అర ఎంత చల్లగా ఉందో ఒడ్డుకు కబురు పంపే యంత్రంతో కంపెనీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గుండె నిండింది. "చుట్టాలందరూ తలా రెండు లక్షలు వేస్తారట అన్నయ్యా" అనేసరికి నిద్ర ఎగిరిపోయింది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్ చేయించి, స్టార్టప్‌లను గుర్తించే కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ గుర్తింపు తీసుకో. తొందరపడి మాత్రం రిజిస్టర్ చేయించకు. కొత్త కంపెనీలకు తొలి సొమ్మిచ్చే పథకం, 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ నిబంధన ప్రకారం, దరఖాస్తు నాటికి కంపెనీ వయసు 2 ఏళ్లు దాటకూడదు. నమూనా పనిచేస్తుందని నిరూపించడానికి 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తారు. అంతకుముందే 10 లక్షలకు మించి సర్కారు సొమ్ము పుచ్చుకుంటే అర్హత పోతుంది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ఆంధ్రా యూనివర్సిటీలో స్టార్టప్‌లకు చేయూతనిచ్చే ఎ-హబ్‌లో అడుగు. మెడ్‌టెక్ జోన్‌కు పోకు, అది వైద్య పరికరాల వాళ్లకు.

గ్రాంటు ఒక్కసారిగా రాదు. పని జరిగినకొద్దీ విడతలుగా వస్తుంది. సెన్సర్లవాడు ఆగడు కదా! ఆ మధ్యలో చేబదులు మొదలవుతుంది. పెదనాన్న రెండు లక్షలు కంపెనీ కరెంట్ అకౌంట్లో వేస్తాడు, మర్నాడే సర్క్యూట్ బోర్డులు కొనేస్తారు, "షేర్లు తర్వాత చూద్దాంలే" అనుకుంటారు. కుర్రకారు కంపెనీలన్నీ కాలు జారేది ఇక్కడే.

షేర్ల సొమ్ము విడి బ్యాంకు ఖాతాలో పడాలి. దానికి ముందే డైరెక్టర్ల బోర్డు తీర్మానం, వాటాదారుల ప్రత్యేక తీర్మానం, షేరు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక, పీఏఎస్-4 ఆఫర్ లేఖ సిద్ధంగా ఉండాలి. ఇచ్చేవాళ్లు తమ సొంత ఖాతా నుంచే పంపాలి, నగదు వద్దు. సొమ్ము అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించి, ఆపై 15 రోజుల్లో ఆ కేటాయింపు వివరాల ఫారం పీఏఎస్-3 దాఖలు చెయ్యి. అది దాఖలయ్యేదాకా ఒక్క రూపాయి ముట్టుకోకూడదు. 60 రోజులు దాటితే 15 రోజుల్లో తిరిగిచ్చెయ్యాలి. అదీ తప్పితే 12 శాతం వడ్డీ, పైగా చట్టం దాన్ని డిపాజిట్ కింద లెక్కగడుతుంది. ఏడాది తర్వాత పెద్ద పెట్టుబడిదారు లాయర్లు బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచి మొదట వెతికేది ఇదే.

"అప్పుగా రాసుకుంటాం" అనకు. డైరెక్టరు బంధువు దగ్గర ప్రైవేటు కంపెనీ అప్పు తీసుకోవచ్చు. అది వాళ్లు వేరేచోట అప్పుచేసి తెచ్చింది కాదని రాసివ్వాలి. కానీ కంపెనీల చట్టం ప్రకారం బంధువంటే ఉమ్మడి కుటుంబ సభ్యులు, భర్త, అమ్మానాన్నలు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అంతే. పెదనాన్న రాడు. నిన్ను ఎత్తుకు తిప్పిన మేనమామనైనా చట్టానికి నేను పరాయివాణ్ణే! కన్వర్టిబుల్ నోటు, అంటే తర్వాత షేర్లుగా మారగల అప్పుపత్రం, ఉందంటావేమో. ఒక్కొక్కరు ఒకే విడతలో 25 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలి, మనవాళ్ల వల్ల కాదు.

ఇంకోటి, చుట్టాలకు మొదట్లోనే 30 శాతం వాటా రాసివ్వకు. తర్వాతి విడతలో 20 శాతం పోతే కంపెనీ పెడుతున్న మీ ఇద్దరికీ కలిపి మిగిలేది 56. తలా 28.

పెదనాన్న చెక్కు ఇస్తే కాళ్లకు దణ్ణం పెట్టి పుచ్చుకో, బ్యాంకులో మాత్రం వెయ్యకు. ఆదివారం అది పట్టుకుని ఇంటికి రా. అత్త వంజరం పులుసు పెడతానంటోంది. తీర్మానాలు ఇక్కడే కూర్చుని రాద్దాం.

మీ మావయ్య