సర్వేకి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మడికి,

బాబాయ్ ఆశీస్సులు. వచ్చే నెల నుంచి ఊళ్లలో సర్వే అని అన్నయ్య చెప్పాడు. "ఫిజిక్స్‌లాగా పక్కాగా చేస్తాను" అన్నావట. చెయ్యి. కానీ బండరాయి నీ మొహం చూసి జవాబు మార్చుకోదు. మనిషి మార్చుకుంటాడు.

ముందు జాతీయ నమూనా సర్వే, అంటే ఇళ్ల ఖర్చులు అడిగి ప్రభుత్వం చేసే సర్వే, దాని 55వ విడత (1999–2000) సంగతి చదువు. అంతకుముందు కొన్నేళ్లు ప్రయోగంగా సగం ఇళ్లలో గత 30 రోజుల తిండి ఖర్చు, మిగతా ఇళ్లలో గత 7 రోజులది అడిగారు. 7 రోజులదే అడిగితే నెల లెక్కన ఖర్చు ఎక్కువ తేలింది, పేదల లెక్క దాదాపు సగానికి పడిపోయింది. దేశం అదే, జనం అదే! 55వ విడతలో ఆ రెండు ప్రశ్నలూ ఒకే ఇంట్లో, పక్కపక్క గళ్లలో పెట్టారు. జవాబులు దగ్గరకొచ్చేశాయి. ఒకటి చూసి రెండోది సర్దారని చాలామంది ఆర్థికవేత్తల అనుమానం. పేదరికం నిజంగా ఎంత తగ్గిందన్న వాదన ఏళ్లతరబడి నడిచింది. అందుకే ఒక ప్రశ్నను రెండు రకాలుగా అడిగి చూడాలనుకుంటే వేర్వేరు ఇళ్లలో అడుగు.

మీ గైడ్‌కి ఇష్టమైన లాటరీ పద్ధతి ప్రయోగాలూ అంతే. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుంది. వాటిలో సగం లాటరీలో ఎంపికై, అక్కడ పేదలకు చిన్న అప్పులిచ్చే ఒక సూక్ష్మరుణ సంస్థ బ్రాంచీలు తెరిచింది. పోల్చి చూడ్డానికి వదిలిన మిగతా బస్తీలు చేతులు కట్టుకుని కూర్చోలేదు, వేరే సంస్థలు అక్కడా అప్పులిచ్చాయి. ఈ సంగతి వాళ్లే నిజాయితీగా రాశారు. 2010లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చాక ఆ వ్యాపారమే తలకిందులైంది. ఇప్పుడు మళ్లీ చేసి చూద్దామన్నా ఆ హైదరాబాద్ లేదు.

అలాగని లెక్కలే వద్దనేవాళ్ల మాట వినకు. లెక్క లేకపోతే ఊళ్లో పెద్ద గొంతు ఉన్నవాడు చెప్పిందే నిజమవుతుంది.

పొలం ఎంతుందని మొదటే అడగకు, రేషన్ కార్డు తీసేస్తారేమోనని తగ్గించి చెప్తారు. కోడలిని అడిగేటప్పుడు అత్తగారు పక్కనే ఉంటే ఆ సంగతి ఫారంలో రాయి. దానికి గడి లేకపోతే ఒకటి పెట్టించు. నిన్ను ఎవరు తీసుకెళ్లి పరిచయం చేశారో కూడా రాయి. సర్పంచ్‌తో వెళ్తే ఒక జవాబు, అంగన్‌వాడీ టీచర్‌తో వెళ్తే ఇంకో జవాబు వస్తుంది. ట్యాబ్ మూసేశాక టీ తాగుతూ చెప్పే మాటలు ఆ రాత్రే నోట్‌బుక్‌లో ఎక్కించు. పొద్దుటికి సగం మర్చిపోతావు.

ప్రశ్నాపత్రం వాట్సాప్‌లో పంపు. అప్పుల పేజీ ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయ్