ముందు మడమ చూడు

ఒరేయ్ చిన్నా,

నల్గొండలో వెన్నుపూస ఆపరేషన్లు నువ్వే సొంతంగా మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పగానే ఛాతీ ఉప్పొంగింది, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు నీ దగ్గరికి చాలామందే వస్తారు. వెన్నుకి ఆ దెబ్బ ఎక్కువగా టీ12, ఎల్1 దగ్గరే, అంటే ఛాతీ వెనక చివరి పూస, నడుము మొదటి పూస దగ్గరే తగులుతుంది, పక్కటెముకల ఆసరా అయిపోయి కదిలే నడుము మొదలయ్యేది అక్కడే కదా. పూసని రాడ్డుకి బిగించే పెడికిల్ స్క్రూ వెయ్యడం నీకు నేను నేర్పక్కర్లేదు. థియేటర్‌లోని ఎక్స్‌రే మిషన్, ఆ సీ-ఆర్మ్ కింద పూసలు రెండుసార్లు లెక్కపెట్టుకో, అంతే.

నా భయమంతా థియేటర్‌కి ముందు జరిగేదాని గురించే. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో ఒకాయన్ని వేరే ఆసుపత్రి నుంచి మా దగ్గరికి పంపారు. చెట్టు మీంచి కాళ్ల మీద పడ్డాడు, మడమ చితికింది, దానికి పిండికట్టు వేశారు. నడుము నొప్పి అని మొత్తుకుంటే పట్టేసిందిలే అని మాత్ర ఇచ్చి, వాకర్ పట్టించి నడిపించారట. తీరా చూస్తే ఎల్1 బరస్ట్ ఫ్రాక్చర్, పూస నలిగి ముక్కలైంది, వెనక పూసల్ని పట్టి ఉంచే లిగమెంట్లు కూడా తెగిపోయాయి. మా దగ్గరికొచ్చేసరికి మూత్రాశయం బిందెలా ఉబ్బి ఉంది, ఆయనకేమో పోయాలన్న సంగతే తెలియడం లేదు. రాడ్లు వేసి నరాల మీద ఒత్తిడి తీసేశాం. కొన్ని నెలలకి కర్రతో నడిచాడు కానీ మూత్రం మాత్రం గొట్టంతోనే. ఎలా పెట్టాలో ఆయన భార్య మా నర్సమ్మ దగ్గర నేర్చుకుంది.

అందుకే చెబుతున్నా, పైనుంచి పడి మడమ విరిగి వచ్చిన ప్రతి మనిషికీ నడుము ఎక్స్‌రే తీయించు, అనుమానం ఉంటే సీటీ స్కాన్. ఒక పూస విరిగితే వెన్నంతా చూడు, ఇంకోచోట కూడా విరిగి ఉండొచ్చు. మూత్రం పట్టి ఉంచే నరాల సంగతి తెలియాలంటే మలద్వారం చుట్టూ స్పర్శ చూడాలి, దానికి మొహమాటపడకు, జూనియర్‌కి వదిలెయ్యకు, నువ్వే చూసి టైమ్ వేసి రాసిపెట్టు. విరిగిన తీరు, నరాలు, వెనక లిగమెంట్లు, ఈ మూడింటికీ మార్కులు వేసే పద్ధతి 2005 నుంచి ఉంది. 3 గానీ అంతకు తక్కువ గానీ వస్తే మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదు, 5 గానీ ఆపైన గానీ వస్తే చెయ్యాల్సిందే. 4 వస్తే ఎటైనా వెళ్లొచ్చు, అక్కడే మీ కుర్రాళ్లకి కొయ్యాలని చెయ్యి దురద. నరాలు బాగుంటే ఆగి ఆలోచించరా!

ఆపరేషన్‌కి పేషెంట్‌ని బోర్లా తిప్పేటప్పుడు గౌను వేసుకుని దూరంగా నిలబడకు, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి. పొట్ట కింద ఖాళీ ఉందో లేదో చూడు, నొక్కుకుంటే రక్తం ఎక్కువ పోతుంది. టిఫిన్ తినకుండా లోపలికి వెళ్లావని తెలిస్తే ఊరుకోను.

మొదటి కేసు సీటీ, పేరు కనపడకుండా, నాకు వాట్సాప్‌లో పంపు. ఎంత రాత్రైనా చూస్తాను.

మీ మావయ్య