హవాయిలో మూడు నెలలు: కారు అద్దెకా, కొనడమా, ఓడెక్కించడమా?

ప్రశ్న: నమస్తే అండి. మేం డాలస్‌లో ఉంటాం. మా ఆవిడ ట్రావెల్ నర్సు. హవాయిలో బిగ్ ఐలాండ్ మీద హిలో ఊళ్ళో 13 వారాల కాంట్రాక్ట్ వచ్చింది, కుదిరితే ఇంకో 13 వారాలు పొడిగిస్తారంట. నాది ఇంటి నుంచి చేసే పనే కాబట్టి నేనూ వెళ్తున్నా. రెంటల్ కార్ల రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి, మూడు నెలలకి లెక్కేస్తే ఆ డబ్బుకి ఒక పాత కారే వచ్చేట్టుంది. మా కారుని ఓడలో పంపించుకుంటే నయమా, అక్కడే ఏదైనా కొనాలా, లేక అద్దెకే పోవాలా? తనకి నైట్ షిఫ్టులు కూడా ఉంటాయి.

జవాబు: నా మాట ముందే చెప్పేస్తానండి. మీ పరిస్థితిలో నేనైతే మొదటి వారం పది రోజులు అద్దె కారుతో గడిపి, ఆలోపు అక్కడే ఒక పాత కారు కొని, తిరిగొచ్చేటప్పుడు అమ్మేసి వస్తాను. ఇదే దీవి మీద నేను ఒకసారి నాలుగు నెలలున్నా, మొత్తం అద్దె కారుతోనే లాక్కొచ్చా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అద్దెలో రోజు రేటు ఒక్కటే చూస్తే మోసపోతాం, దాని మీద పడేవి చూడాలి. ఎయిర్‌పోర్టులో కారు తీసుకుంటే కస్టమర్ ఫెసిలిటీ ఛార్జ్ అని రోజుకి 4.50 డాలర్లు వేస్తారు, 13 వారాలంటే 91 రోజులు, ఆ ఒక్క లైనే 410 డాలర్ల దాకా పోతుంది, రాష్ట్రం రోజు లెక్కన వేసే సర్‌ఛార్జ్ వేరే, ఎయిర్‌పోర్టులో వ్యాపారం చేసుకోనిచ్చినందుకు కంపెనీ కట్టేది మన మీద వేసే కన్సెషన్ ఫీజు వేరే, ఎక్సైజ్ ట్యాక్స్ వేరే. నెల రేటు మాట్లాడుకుంటే కారు అద్దె తగ్గుతుంది నిజమే, కానీ రోజు లెక్కన పడే ఈ ఛార్జీలు అలాగే పడుతూనే ఉంటాయి.

ఇక ఇన్సూరెన్స్. ఈ సంగతి మాత్రం దయచేసి శ్రద్ధగా చదవండి. మనందరం కౌంటర్ దగ్గర వాళ్ళ ఇన్సూరెన్స్ వద్దని చెప్పి క్రెడిట్ కార్డు కవరేజ్ ఉందిలే అనుకుంటాం కదా, ఆ కవరేజ్‌కి రోజుల లిమిట్ ఉంటుంది, చాలా కార్డులకి 30 లేదా 31 రోజులు, కొన్నిటికి సొంత దేశంలో అయితే 15 రోజులే. పైగా 31 రోజుల లిమిట్ ఉన్న కార్డు మీద 90 రోజుల కాంట్రాక్ట్ రాయించుకుంటే మొదటి 31 రోజులైనా కవర్ అవుతాయి అనుకోవద్దు, చాలా కార్డుల రూల్ ప్రకారం మొత్తం అగ్రిమెంటే లెక్కలోంచి పోతుంది. నాకు జరిగిందదే. నలభయ్యో రోజు సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఎవరో వెనక డోర్ నొక్కేసి వెళ్ళిపోయారు, బ్యాంకుకి ఫోన్ చేస్తే కాంట్రాక్ట్ తేదీలు అడిగి, చూసి, రాదండి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మొత్తం నా జేబులోంచే కట్టా. అద్దె కారే ఉంచుకోక తప్పకపోతే ప్రతిసారీ లిమిట్‌లోపే కారు తిరిగిచ్చేసి కొత్త అగ్రిమెంట్ రాయించుకోండి, అలా వెంట వెంటనే తీసుకుంటే ఒప్పుకుంటారో లేదో ముందే కార్డు వాళ్ళని రాతపూర్వకంగా అడగండి.

ఓడ సంగతి రెండు ముక్కల్లో చెప్తా, 13 వారాలకి వద్దు. మీ కారు డాలస్ నుంచి ముందు వెస్ట్ కోస్ట్ చేరాలి, అక్కణ్ణించి మాట్సన్ లాంటి కంపెనీల ఓడలో హొనొలులూకి, అక్కడ బార్జ్ ఎక్కి హిలోకి. ట్యాంకులో పావు వంతు కంటే ఎక్కువ పెట్రోల్ ఉండకూడదు, లోపల సామాన్లు పెట్టి పంపడానికి లేదు. దిగాక టెక్సాస్ నంబరుతోనే నడుపుకోవడానికి 30 రోజుల్లో ఔటాఫ్ స్టేట్ పర్మిట్ తీసుకోవాలి, దానికి సేఫ్టీ చెక్ కూడా చేయించాలి, తర్వాత ఇదంతా మళ్ళీ వెనక్కి రావడానికి. ఏడాది పైన ఉండేవాళ్ళకైతే ఆలోచించొచ్చు.

అక్కడ కారు కొనడం భయపడినంత కష్టం కాదు, ముఖ్యంగా మీకు, ఎందుకంటే ట్రావెల్ నర్సులు మూడు నెలలకోసారి వస్తూ పోతూ ఉంటారు, వెళ్ళేవాళ్ళ కారు వచ్చేవాళ్ళు కొనుక్కోవడం మామూలే. మీ ఆవిడ రిక్రూటర్‌ని, ఆ యూనిట్‌లో ఇప్పుడున్న వాళ్ళని ఇప్పుడే అడిగించండి. అలా దొరక్కపోతే ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, క్రెయిగ్స్‌లిస్ట్ ఉన్నాయి. హొనొలులూ ఉన్న ఓవహు దీవిలో చవగ్గా ఉందని మాత్రం ఆశపడకండి, దీవుల మధ్య కార్లెక్కించుకునే ఫెర్రీ లేదు, సూపర్‌ఫెర్రీ అని 2007లో మొదలైంది, 2009లోనే ఆగిపోయింది. టకోమా లాంటి పికప్ కూడా వద్దు, అక్కడ దానికున్న మోజుకి పాతదైనా రేటు దిగదు. కొరోల్లా, సివిక్ లాంటి చిన్న కారు, ఎవరైనా మళ్ళీ కొనేలాంటిది చూడండి.

చూసేటప్పుడు ఇంజిన్ కంటే ముందు కింద చూడండి. ఉప్పుగాలికి పైన పెయింట్ నిగనిగలాడుతున్నా అడుగున రేకు పొరలు పొరలుగా లేస్తుంటుంది, ఫోన్ లైటేసి నేల మీద పడుకుని చక్రాల పైభాగం, సైలెన్సర్ పైపు చూడండి, వేలితో నొక్కితే రాలుతుంటే వదిలేయండి. హిలో బాగా వానలు పడే ఊరు, అందుకని డ్రైవర్ సీటు కింద కార్పెట్ మీద అరచెయ్యి గట్టిగా నొక్కి పెట్టండి, తడి తగిలినా బూజు వాసనొచ్చినా డోర్ రబ్బర్లలోంచో ఇంకెక్కణ్ణించో నీళ్ళు దిగుతున్నట్టే. వెనక బంపర్ మీద సేఫ్టీ చెక్ స్టిక్కర్ ఉంటుంది, దాని నెల, సంవత్సరం చదవండి, గడువు దాటిపోయిన కారుని "చిన్న పనేనండి, చేయించుకోవచ్చు" అని అమ్మేవాళ్ళ మాట నమ్మొద్దు, అంత చిన్నదైతే వాళ్ళే చేయించి అమ్మేవాళ్ళు. రిజిస్ట్రేషన్ బాకీ ఉంటే పేరు మార్చేటప్పుడు అది మీ నెత్తిన పడుతుంది, కౌంటీ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే డబ్బివ్వండి.

కొన్నాక 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. హవాయి నో ఫాల్ట్ రాష్ట్రం, అంటే తప్పెవరిదైనా మన వైద్యం ఖర్చు ముందు మన ఇన్సూరెన్సే ఇస్తుంది, ఆ భాగాన్నే పీఐపీ అంటారు, అది కనీసం 10,000 డాలర్లకి ఉండాలి, మీ టెక్సాస్ పాలసీ దానంతటదే సరిపోదు, కాబట్టి కారు చూసే ముందే హవాయి పాలసీ ఎవరిస్తారో, నెల నెలా కట్టి మధ్యలో ఆపేయొచ్చో కనుక్కోండి. తిరిగి అమ్మేసినప్పుడు కారు అమ్మేశామని తెలిపే నోటీస్ ఆఫ్ ట్రాన్స్‌ఫర్ 10 రోజుల్లో కౌంటీకి అందేలా చూడండి, లేకపోతే కొన్నవాళ్ళు ఎక్కడో వదిలేసిన కారుకి టోయింగ్ బిల్లు డాలస్‌లో మీ ఇంటికొస్తుంది. విమానం ఎక్కడానికి మూడు వారాల ముందే అమ్మకానికి పెట్టండి, ఆఖరి రెండు రోజుల్లో పెడితే కొనేవాళ్ళు మీ తొందర కనిపెట్టేస్తారు.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ ఖర్చంతా దాంట్లోనే ఉంది, ఇల్లు ఎక్కడ తీసుకుంటున్నారు? పహోవా వైపు అద్దెలు తక్కువని చాలామంది అటు పోతారు, హిలోకి ఇరవై మైళ్ళు, 130 హైవే మీద పొద్దున్నే బండ్లు బారులు తీరి ఉంటాయి, నైట్ షిఫ్ట్ చేసి కళ్ళు మూసుకుపోతుంటే తను ఆ ట్రాఫిక్‌కి ఎదురెళ్తున్నా సరే అంత దూరం నడపడం నాకు మనసొప్పదు. హాస్పిటల్‌కి దగ్గర్లో తీసుకోండి, మీరు ఇంట్లోనే ఉంటారు కాబట్టి దింపి రావచ్చు, ఒక్క కారుతో అయిపోతుంది. కౌంటీ వాళ్ళ హెలేఆన్ బస్సు ఉంది కానీ రాత్రి డ్యూటీకి దాన్ని నమ్ముకోలేం. పెట్రోల్‌కి కాస్ట్‌కో దీవికి అవతలి వైపున్న కోనాలోనే ఉంది, హిలోలో లేదు, దాని కోసమే పోతే రానూ పోనూ 150 మైళ్ళు, కోనాలో వేరే పనుంటేనే ట్యాంకు నింపుకు రండి. హిలో నుంచి కోనా వైపు వెళ్ళే సాడిల్ రోడ్డు 6,600 అడుగుల పైకి ఎక్కుతుంది, మధ్యలో బంకులు లేవు, పొగమంచు వానా ఉంటాయి, పాత కారుతో చీకట్లో వద్దు.

ప్రశ్న: మా చెల్లి మూడు నెలల పని మీద హొనొలులూ వెళ్తోంది, ఒక్కతే ఉంటుంది. తనకీ కారు కొనమంటారా?

జవాబు: వద్దమ్మా. ఓవహు లెక్క వేరు. అక్కడ ద బస్ అనే సిటీ బస్సు ఊరంతా తిరుగుతుంది, స్కైలైన్ రైలు కూడా 2023లో మొదలైంది. వైకీకీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌కి నెలకి విడిగా కట్టాల్సి రావచ్చు, ఇంటి అగ్రిమెంట్‌లో ఆ లైన్ చూడమనండి. దీవి ఉత్తర తీరం, అదే నార్త్ షోర్, చూడాలనిపించిన శని ఆదివారాలు ఒక రోజుకి అద్దెకి తీసుకుంటే చాలు, అదీ ఎయిర్‌పోర్టులో కాకుండా ఊళ్ళో ఉన్న బ్రాంచ్‌లో, అప్పుడు పైన చెప్పిన రోజుకి 4.50 డాలర్ల ఎయిర్‌పోర్టు ఛార్జ్ పడదు. బీచ్ దగ్గర కారు ఆపితే మాత్రం బ్యాగు డిక్కీలో కూడా పెట్టొద్దని చెప్పండి, అద్దాలు పగలగొట్టి తీసుకుపోవడం అక్కడ చాలా ఎక్కువ.