పాయింట్ల పట్టిక అడుగున

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది, అచ్చుతప్పులు లేవు. కానీ యూరప్‌లోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు తమకోసం విడిగా పెట్టుకోబోయిన సూపర్ లీగ్ మీద నాలుగు పేజీలు రాసి, చివరికి 'ఇరువైపులా న్యాయం ఉంది, కాలమే తేల్చాలి' అని చేతులు దులుపుకున్నావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. 2021 ఏప్రిల్ 18 ఆదివారం రాత్రి పన్నెండు క్లబ్బులు ఆ లీగు పెడుతున్నామని ప్రకటించాయి. మంగళవారం రాత్రికల్లా వాటిలో ఉన్న ఇంగ్లండ్ క్లబ్బులు ఆరూ తోక ముడిచాయి. ఇంకా కాలం తేల్చాల్సింది ఏముంది? గోడ మీద పిల్లివాటం సంపాదకీయాలు రాసేవాళ్లకు వదిలెయ్.

నీ పేజీల్లో దురాశ ఉంది, అభిమానుల కన్నీళ్లు ఉన్నాయి, ఆ లీగుకు జేపీ మోర్గాన్ బ్యాంకు ఇవ్వబోయిన అప్పు కూడా ఉంది. పాయింట్ల పట్టిక మాత్రం లేదు. ఆటల మీద ఎవరు ఏం రాసి పంపినా నేను మొదట వెతికేది దాన్నే. ఆ ఆదివారం నాటి ఇంగ్లండ్ పట్టిక తీసి చూడు. మూడో స్థానంలో లెస్టర్, నాలుగో స్థానంలో వెస్ట్‌హామ్. ఆ రెంటికీ పిలుపు లేదు. తొమ్మిదో స్థానంలో ఉన్న ఆర్సెనల్, పట్టిక అడుగున, కింది డివిజన్‌కు పడిపోయే అంచున వేలాడుతున్న ఫుల్‌హామ్‌తో సొంత మైదానంలో ఆ రోజే 1-1తో గట్టెక్కింది. రాత్రికి అది శాశ్వత సభ్యురాలు! యూరోపియన్ కప్పును (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) 1979, 1980లో వరసగా గెలిచిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఎవరికీ గుర్తు రాలేదు. ఆ కప్పు ఎన్నడూ గెలవని టోటెన్‌హామ్‌కు మాత్రం కుర్చీ వేశారు. ఇరవై జట్ల లీగులో పదిహేను జట్లు ఎన్ని మ్యాచులు ఓడినా బయటికి పోనక్కరలేదట. ఇంత రాశాక దురాశ అన్న మాట నువ్వు ఎత్తనే అక్కరలేదు.

పట్టిక విలువ నాకు పత్రిక డెస్కులో తెలిసింది. పొద్దుపోయాక వ్యాపార ప్రకటన వచ్చిపడితే ముందు కత్తెర పడేది పట్టిక కింది సగానికే. 'అడుగున ఉన్నవాళ్లను ఎవరు చదువుతారయ్యా' అనేవాడు మా ఎడిటర్. పడిపోబోయే జట్టు అభిమానులే దాన్ని అందరికంటే ముందు చదువుతారని వాదించాను. ఫలితంగా కొన్నాళ్లు ఆటల పేజీ నుంచి తీసి, ఉల్లి, మిర్చి మార్కెట్ ధరలు రాయించాడు. ఇప్పటివాళ్లు ఆయన్ను మించినవాళ్లు. పట్టికే వద్దంటారు, ఆటగాడి జుట్టు మీద బాక్సు ఐటం అడుగుతారు.

నీ మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: 'లీడ్స్ ఆటగాళ్లు నిరసన టీషర్టులు వేసుకున్నారు.' దాని పక్కన పెన్సిలుతో గట్టిగా గీత పెట్టాను. నీ వ్యాసం అంతా అక్కడే ఉంది, నువ్వు చూడకుండా దాటిపోయావు. ఏప్రిల్ 19, సోమవారం. ఎల్లండ్ రోడ్ మైదానంలో లివర్‌పూల్‌తో మ్యాచ్. కోవిడ్ వల్ల లోపల కుర్చీలన్నీ ఖాళీ, జనం బయట నినాదాలు చేస్తున్నారు. లీడ్స్ వాళ్ల చొక్కాల మీద ఛాంపియన్స్ లీగ్ గుర్తు, దాంతోపాటు 'ఆడి సంపాదించుకోండి' అనే అర్థంలో రెండు మాటలు. అవే చొక్కాలు లివర్‌పూల్ డ్రెస్సింగ్ రూములోనూ పెట్టారు.

ఆ మాట అనే హక్కు లీడ్స్‌కు ఎలా వచ్చిందో నువ్వు రాయాలి. 2001లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడిన జట్టు అది. అప్పులపాలై 2004లో ఇంగ్లండ్ అగ్ర అంచె అయిన ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయింది, 2007లో మూడో అంచెకు జారింది, మళ్లీ పైకి వచ్చేసరికి 2020 అయింది. 2004లో పడిపోయిన ఆ జట్టులో జేమ్స్ మిల్నర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఉన్నాడు, ఆ ఊళ్లోనే పుట్టినవాడు. ఆ సోమవారం రాత్రి అతను లివర్‌పూల్ తరఫున ఆడాడు. మ్యాచ్ 1-1గా ముగిశాక కెమెరా ముందు నిలబడి, తన క్లబ్బు యజమానులు చేరిన ఆ లీగు తనకు నచ్చలేదని, అది జరగకూడదని కోరుకుంటున్నానని చెప్పాడు. కిందికి పడడం అంటే ఏమిటో తెలిసినవాడి మాట అది. దీన్ని వదిలి కన్నీళ్ల గురించి రాస్తావా?

ఆ లీగును ముందుండి నడిపించిన రియల్ మాడ్రిడ్ అధ్యక్షుడు పెరెజ్‌ను నాటకాల్లో దుష్టపాత్రలా చూపించావు. అలా వద్దు. అప్పటికే ఆ పన్నెండింటిలో ఒకటైన బార్సిలోనా అప్పు వంద కోట్ల యూరోలు దాటింది, స్టేడియాలు ఖాళీ. ఆయన భయం నిజమే. డబ్బు కోసం విడిపోవడమూ కొత్త కాదు, 1992లో ప్రీమియర్ లీగ్ పుట్టిందే అలా. అయితే వాళ్లు కిందికి పడే దారి మూయలేదు. తేడా అంతా అక్కడే. ఆర్సెనల్, లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ యజమానులు అమెరికావాళ్లు, అక్కడి పెద్ద లీగుల్లో పడిపోవడం అన్న ఊసే ఉండదు. మన దగ్గరా చూశాం కదా: 2021-22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ జట్టు, యజమానులు మారాక 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఏ పట్టికా దాన్ని పంపలేదు.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి, పేజీకి ఎంత ఇస్తారు అని అడిగావు. వాటి సంగతి తరువాత.

ఇంకొకటి సరిచేసుకో. 2023 డిసెంబరు 21న యూరోపియన్ యూనియన్ కోర్టు సూపర్ లీగుకు అనుమతి ఇచ్చిందని రాశావు. ఇవ్వలేదు. కొత్త పోటీలకు ముందస్తు అనుమతి విషయంలో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా, యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యుయెఫా పెట్టుకున్న నిబంధనల్లో పారదర్శకమైన ప్రమాణాలు లేవని, అవి చట్టానికి విరుద్ధమని చెప్పింది. ఆ లీగును తప్పక ఆమోదించాలని మాత్రం అనలేదు. ఈ రెంటినీ కలిపేసినవాళ్లలో పెద్ద పెద్ద విలేకరులే ఉన్నారు, వాళ్లను చూసి రాయకు.

లీడ్స్ దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. పక్కన మార్జిన్ కాస్త ఎక్కువ వదులు.

ఆశీస్సులతో.