వెయ్యి డాలర్లలో వేట రైఫిల్ కొంటానంటున్న మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

మొన్న వీడియో కాల్‌లో నువ్వు రైఫిల్ మాట ఎత్తేసరికి మీ అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది, అందుకే మాట మార్చేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, ఆమెకి చెప్పుకునే పని మాత్రం నీదే.

ముందు కాగితాల సంగతి చూసుకో. నువ్వింకా హెచ్1బి మీదే ఉన్నావు. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో నీకు పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవిపందుల్ని కొట్టడానికి లైసెన్సే అక్కర్లేదు కదా అని నీ ఆఫీసు వాళ్లు అంటారు. వాళ్లు సిటిజన్లు, వాళ్లకి చెల్లుతుంది. నీకు లైసెన్సు కావాల్సింది పంది కోసం కాదు, తుపాకీ కోసం. ఏటా తీసుకునే లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది, రైఫిల్ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు ఖాళీ లేకుండా రెన్యూ చేయించుకోవాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, అదెలాగూ మంచిదే. షాపులో తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన 4473 ఫారం ఇస్తారు, అందులో ప్రతి ప్రశ్న చదివి ఉన్నదున్నట్టు రాయి. గ్రీన్ కార్డు ఫైలు నడుస్తోంది కాబట్టి కొనేముందు నీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా ఒక మాట అడుగు.

ఇక రైఫిల్. వెయ్యి డాలర్లు పెట్టుకున్నావు, ఆ మొత్తం తుపాకీకే పోసేయొద్దు. సగం రైఫిల్‌కి, పావు వంతు పైచిలుకు స్కోపుకీ (గురి చూసే దుర్భిణి), దాన్ని బిగించే మౌంట్లకీ, మిగిలింది తూటాలకి. కుర్రాళ్లంతా దీన్ని తిరగేసి చేస్తారు, తొమ్మిది వందల రైఫిల్ మీద అరవై డాలర్ల స్కోపు బిగించి, గురి నిలవడం లేదని తుపాకీని తిడతారు.

సగం డబ్బుకి మంచిది వస్తుందా అంటావు, వస్తుంది. సావేజ్ యాక్సిస్, 2012లో వచ్చిన రూగర్ అమెరికన్, ఇలాంటివి దిగాక చవక రైఫిల్ సరిగ్గా కొట్టదన్న మాట పాతబడిపోయింది. లెక్క చూడు. గురి ఎంత చెదిరిందో ఎంఓఏ అనే కోణంలో కొలుస్తారు, వంద గజాల్లో ఒక ఎంఓఏ అంటే దాదాపు ఒక అంగుళం. ఈ రైఫిల్ తనకి పడే తూటాతో వంద గజాల్లో అంగుళంన్నర గుంపు వేసిందనుకో, అంటే దెబ్బలన్నీ అంత వెడల్పులో పడ్డాయనుకో, నూటయాభైలో అది రెండుంపావు అంగుళాలవుతుంది. వైట్‌టెయిల్ జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అటూ ఇటుగా ఎనిమిది అంగుళాలు. కాబట్టి అర అంగుళం మెరుగు కోసం ఇంకో ఐదొందలు పెట్టి వేటలో సాధించేదేమీ లేదు.

యాక్సిస్ తీసుకుంటే మామూలుది వద్దు, దాని ట్రిగ్గర్ గట్టిగా నొక్కితే గానీ కదలదు. యాక్యూట్రిగ్గర్ అనే, తేలిక చేసుకోగల ట్రిగ్గర్ ఉన్న యాక్సిస్ 2 తీసుకో. రూగర్ అమెరికన్ బోల్ట్ (తూటాని లోపలికి తోసే కడ్డీ) కొత్తలో కాస్త గరగరమంటుంది, వాడగా సర్దుకుంటుంది, ట్రిగ్గర్‌ని మనమే తేలిక చేసుకోవచ్చు, నా ఓటు దానికే. ఫిన్లాండ్ వాళ్ల టిక్కా టీ3ఎక్స్ చేతిలోకి తీసుకుంటే మాత్రం మనసు లాగుతుంది, బోల్ట్ వెన్నలా జారుతుంది, మూడు తూటాలకి ఒక ఎంఓఏ అని కంపెనీయే గ్యారంటీ ఇస్తుంది. కానీ నీ బడ్జెట్ మొత్తం అదే మింగేస్తుంది. వాడిన సావేజ్ 110 మంచిది దొరికినా వదలొద్దు, బ్యారెల్ లోపల తుప్పు, గుంటలు లేకుండా చూసుకుంటే చాలు.

తూటా .308 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ, ఈ రెంటిలో ఏదైనా సరే. జింకకీ పందికీ రెండూ సరిపోతాయి, ఎక్కడైనా దొరుకుతాయి. 6.5 భుజాన్ని కాస్త తక్కువ తంతుంది, కొత్తవాడివి కాబట్టి అది తీసుకోమంటాను. .300 విన్‌మ్యాగ్ అనే పెద్ద తూటా గురించి ఎవడో నూరిపోశాడన్నావే, అది ఎల్క్ లాంటి పెద్ద దుప్పులూ ఎడారులూ ఉన్నవాళ్లకి. ఆ తన్ను రెండుసార్లు తిన్నాక ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకోవడం అలవాటవుతుంది, తర్వాత ఆ అలవాటు మాన్పించడం ఎవరి తరమూ కాదు.

ఆన్‌లైన్లో బొమ్మ చూసి ఆర్డరు పెట్టొద్దు. మన మిర్చి యార్డులో టిక్కీ బస్తాలోంచి కాయ తీసి చూడకుండా రేటు చెప్పేవాడున్నాడా? షాపుకి వెళ్లు, తుపాకీ ఖాళీ అని నీ కళ్లతో చూసుకో, గొట్టం ఎవరివైపూ తిప్పకు. చలికాలం వేసుకునే జాకెట్ తొడుక్కునే వెళ్లు, దాంతో బట్ (తుపాకీ వెనక కొస) భుజానికి ఆనించుకున్నప్పుడు పొడవు తేడా తెలుస్తుంది. కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తి, చెంప ఆనించి, కళ్లు తెరువు. మెడ సాగదీయకుండా స్కోపు నిండుగా కనబడితే అది నీ ఒంటికి సరిపోయినట్టు. ఒక డాలర్ నోటు బ్యారెల్‌కీ కింద స్టాక్‌కీ (చేత్తో పట్టుకునే భాగం) మధ్య దూర్చి వెనక్కి లాగు, ఎక్కడా ఇరుక్కోకుండా తూటా కూర్చునే ఛాంబర్ దాకా రావాలి. ఖాళీ ట్రిగ్గర్ నొక్కి చూస్తానంటే కౌంటర్ మీద ఉన్నవాణ్ని అడిగి నొక్కు.

స్కోపు 3-9×40 చాలు, అంటే మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దది చేసి చూపే, ముందు 40 మి.మీ. అద్దం ఉన్నది. లూపోల్డ్ వీఎక్స్ ఫ్రీడమ్, వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ లాంటివి చూడు. రైఫిల్‌తో కలిపి అమ్మే ప్యాకేజీ స్కోపుల మీద నాకు నమ్మకం లేదు. బిగించేటప్పుడు బిగువు కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్ వాడు, కంటికి మరీ దగ్గరగా పెట్టకు, తన్నినప్పుడు కనుబొమ్మ చీరేస్తుంది.

గురి కట్టడం 25 గజాల్లో మొదలుపెట్టి 100కి వెళ్లు. మూడు రకాల తూటాల పెట్టెలు తెచ్చుకుని ఒక్కోదాంతో మూడేసి వేసి చూడు, మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లలో కూడా ఒకదానికి పడిన తూటా ఇంకోదానికి పడకపోవచ్చు. పడింది తెలిశాక అదే లాట్‌వి (ఒకే విడతలో తయారైనవి) మరిన్ని కొనిపెట్టుకో. ఆ తర్వాత బల్ల మీంచి లేచి మోకాలి మీద కూర్చుని, చెట్టుకి ఆనుకుని కూడా కొట్టి చూడు, వేటలో బల్ల ఎవడూ వెయ్యడు.

ఇంట్లో పిల్లాడున్నాడు. తూటాలు వేరే తాళంలో, రైఫిల్ వేరే తాళంలో. లోడ్ చేసిన తుపాకీ పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో కేసే.

సంక్రాంతికి వస్తున్నావు కదా. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు ప్రయాణానికి తేవద్దు. ఏదో అరలో మరిచిపోయిన ఒక్క తూటా చాలు, ఇక్కడ ఎయిర్‌పోర్టు స్కానర్లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు రాస్తారు, శంషాబాదైనా గన్నవరమైనా అంతే. పైగా మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం, పల్నాడు పొలాల్లో పందులున్నాయి కదా అని ఇక్కడ ఆ ఊసెత్తకు. వేటకి వేసుకున్న జాకెట్టే తొడుక్కుని వస్తావేమో, జేబులు కూడా దులిపి చూసుకో.

మీ మామయ్య,
బ్రాడీపేట, గుంటూరు